గాలికి తూము

కాలువ కట్టేసిన ఏప్రిల్లో వచ్చింది ఆ కారు,
నరసాపురం రోడ్డు గతుకులకి పొట్ట రాసుకుంటూ.
దాని ఎత్తుకి తగ్గ స్పీడు బ్రేకరు
మా పాలకొల్లులో ఒక్కటీ లేదు.
పలకలు పరిచి షెడ్డులోకి ఎక్కించాం.

దిగింది హైమవతి గారు.
చించినాడ అవతల రొయ్యపిల్లల హేచరీ ఆవిడది.
చెప్పులకి బురద, చంకలో హెల్మెట్టు.
"ఎనిమిదో రౌండులో పెడలు మెత్తబడిందండీ,
ఊబిలో కాలు పెట్టినట్టు
దిగుతానే ఉంది, దిగుతానే ఉంది."
నవ్వుతానే చెప్పింది గానీ
ఆ మాట దగ్గర కుడి మడమ
సిమెంటు నేలని ఒకసారి గట్టిగా అదిమింది.

చక్రం విప్పితే
డిస్కు అంచున నెమలికంఠం నీలం,
ప్యాడ్ల మీద మాడిన అట్టు వాసన.
లోపల బ్రేకు నూనె
ఎసరులా మరిగి బుడగలు కట్టింది.
బుడగని ఎంత తొక్కితే ఏం లాభం!

మా నాన్న లాకుల దగ్గర లస్కరు.
పై చేలకి నీళ్లు ఎవడైనా ఇస్తాడ్రా,
చివరి చేనుకి చేర్చినవాడే లస్కరు, అనేవాడు.
గాలి శాస్త్రం నేను చదవలేదు.
తూములు చూస్తా పెరిగాను, అంతే.

ఫాగ్ లైట్లు పీకి
ఆ రెండు కన్నాలకీ మూతులు కట్టాను,
మొదట వెడల్పు, పోనుపోను సన్నం.
మేత ట్రేలు చేయగా మిగిలిన స్టీలు రేకుని
డిస్కు వెనక పళ్లెంలా కోసి,
మధ్యలో మూడంగుళాల నారింజరంగు గొట్టం బిగించాను.
గాలిని డిస్కు మొహాన కొట్టకూడదు,
ఒక చెంపే చల్లారితే అది వంకరపోతుంది.
బొడ్డులోకి వదలాలి.
తిరిగే రెక్కలే దాన్ని లోనికి పీల్చుకుని
అంచుల్లోంచి విసిరేసుకుంటాయి.

నెహెమ్యా స్టీరింగు ఇటు కొసకీ అటు కొసకీ తిప్పుతా ఉంటే
నేను నేలమీద వెల్లకిలా పడుకుని
గొట్టం టైరుకి ఎక్కడ ఒరుసుకుంటుందో చూశాను.
కట్టిన క్లిప్పు విప్పి, విప్పింది మళ్లీ కట్టి
రాత్రి రెండయింది. దోమలు మాత్రం కడుపునిండా తిన్నాయి.

తెల్లారగట్ల
ధాన్యం ఎగరబోసే ఫ్యాను తెచ్చి బంపరు ముందు పెట్టాం.
నెహెమ్యా డిస్కు తిప్పుతున్నాడు,
నేను గుప్పెడు ఊక వదిలాను మూతిలోకి.
కుడి చక్రం చుట్టూ ఊక
పువ్వొత్తిలా విచ్చుకుని చిమ్మింది.
ఎడమ పక్క కొంచెం ఆలోచించి
కొంచెం రాల్చింది.
అక్కడ అద్దం కడిగే నీళ్లట్యాంకు అడ్డమొచ్చి
గొట్టానికి రెండు వంపులు పడ్డాయి.
చూశాను.
చాల్లే అనుకున్నాను.
ఆవిడకి చెప్పలేదు.

డిస్కుల అంచున మూడు రంగుల గీతలు గీశాను,
పచ్చ, నారింజ, ఎరుపు.
వేడి ఎంతవరకు ఎక్కితే అంతవరకు తెల్లబోతాయి.

ఆదివారం సాయంత్రం మద్రాసు అవతలి నుంచి ఫోను.
"పెడలు రాయిలా ఉందండీ! పదిహేను రౌండ్లు!
ఒకటే గొడవ, మొదటి రౌండులో
నా వెనకాలవాడి అద్దం నిండా ఊక రాలిందట,
ఏం కారండీ ఇది అని అడుగుతున్నాడు."
ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ తర్వాత ఫోటోలు వచ్చాయి.
కుడి డిస్కు మీద పచ్చ ఒక్కటే తెల్లబోయింది.
ఎడమ దాని మీద నారింజ కూడా.
ఎరుపు ఇంకా ఎర్రగానే ఉంది గానీ
దాని అంచు పాలిపోయినట్టు నాకనిపించింది.
ఫోటో పెద్దది చేసి చూశాను, చిన్నది చేసి చూశాను.

ఫోను చేసి చెప్పాను,
"ఎడమ చేనుకి నీళ్లు తక్కువ అందాయండీ.
నాకు ముందే తెలుసు."
అవతల కాసేపు చప్పుడు లేదు.
ఏదో కారు గర్జించి పోయింది.
"చేనేంటండీ?"

"ఏం లేదండీ.
ఇంక తోలకుండా ట్రక్కు మీద తెచ్చెయ్యండి.
ఆ ట్యాంకు పక్కకి జరుపుతాను.
కూలి వద్దు."